నెమలి తోక కింద చెలమ

పిల్లలూ, నాలో ఒక మంచి గుణం ఉంది. నాకు బొత్తిగా గర్వం లేదు. నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను, ఒక్క బోర్డు మీదా నా పేరు పెద్దగా రాసుకోలేదు. కింద, కుడి మూల, చిన్న అక్షరాల్లో రాసుకుంటాను. ఎర్ర రంగుతో. చిన్న అక్షరాలు కదా, ఎర్ర రంగు వేయకపోతే ఎవరికీ కనపడవు.

బడి నాకు మూడో తరగతితోనే సరిపోయింది. మిగతా చదువు బస్సుల మీదా, సబ్బు కాగితాల మీదా చూసి నేర్చుకున్నాను. అందుకే నేను రాసిన ఏ బోర్డు చూసినా కొంచెం సబ్బు అమ్ముతున్నట్టే ఉంటుందని మా ఆవిడ అంటుంది.

మా కొండల కింది అడవిని పార్కు చేసినప్పుడు, గేటు దగ్గర చరిత్ర బోర్డు రాసే పని నాకిచ్చారు. చరిత్ర వాళ్లే కాగితం మీద రాసి ఇచ్చారు. మొదట అది ఒక జమీందారుగారి వేట అడవి. ఆయన ఎన్ని పులుల్ని కొట్టాడో కాగితంలో ఉంది, ఎన్ని మిగిలాయో లేదు. తర్వాత అక్కడ రాళ్ల క్వారీ పెట్టారు. సగం కొండ కంకరై రోడ్ల కిందకి పోయింది. ఆ తర్వాత చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, దుప్పులకీ నెమళ్లకీ ఇక ఏ భయమూ లేదన్నారు. ఇదంతా పదకొండు లైన్లలో అయిపోయింది. కింద మూడు లైన్ల చోటు మిగిలింది.

అక్కడ అంకన్న అని ఒక ముసలి వాచర్ ఉండేవాడు. ఆ అడవిలోనే పుట్టి పెరిగినవాడు. నేను నిచ్చెన మీద ఉండగా వచ్చి, కింద ఖాళీ చూశాడు.

"అయ్యా, ఆ చోట్లో చెలమ సంగతి రాయి. అదెక్కడుందో రెండు ముక్కలు రాస్తే చాలు," అన్నాడు.

నేను చోటు లేదన్నాను. నిజానికి ఆ చోట్లో నెమలిని వేద్దామని అప్పటికే అనుకున్నాను. నెమలి నాకు బాగా వచ్చు. తోక మరీ బాగా వచ్చు. మూడు లైన్ల చోటూ ఆ తోకకే పోయింది.

అంకన్న బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని, నిచ్చెన పక్కన నేల మీద కూర్చుని ఆ సంగతంతా నోటితోనే చెప్పాడు. నేను తోకలో కళ్లు దిద్దుతూ ఊ కొట్టాను. బోర్డు మీదకి ఎక్కని ఆ సంగతే, తర్వాత జరిగినదానితో కలిపి మీకు చెబుతున్నాను. జంతువులు మాట్లాడతాయా అని మాత్రం అడక్కండి. సబ్బు కాగితాలు చదివినవాడు కథ చెప్పగా లేనిది, అవి మాట్లాడితే తప్పేముంది?

అనగనగా, ఆ పదకొండు లైన్లకీ వెనకాల, ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఒక వాగు ఉండేది. అది ఏడాదిలో నాలుగు నెలలు పారేది, ఎనిమిది నెలలు ఎండేది. ఎండిన వాగులో, ఒకే ఒక్క చోట, ఇసుక తవ్వితే నీళ్లు ఊరేవి. అలా ఊరే గుంటని చెలమ అంటారు. ఎండాకాలంలో ఆ అడవికి ఉన్న నీరు అదొక్కటే.

చెలమతో ఒక చిక్కుంది. ఏటా వరద వచ్చి దాన్ని ఇసుకతో పూడ్చేస్తుంది. ఏటా మళ్లీ తవ్వుకోవాలి. అందుకని మోదుగ పూలు పూయగానే అడవంతా వాగు వైపు కదిలేది. ముందు బురదవ్వ నడిచేది. బురదవ్వ అంటే ముసలి అడవి పంది. ముట్టె ఇసుకకి ఆనించి, వాసన పట్టి, ఇక్కడ, అనేది. పందులు ముట్టెలతో, ఏదుపందులు గోళ్లతో, దుప్పులు గిట్టలతో తవ్వేవి. కుందేళ్లు ఇసుకని వెనక్కి తన్నేవి, చాలావరకు వెనకున్నవాళ్ల కళ్లలోకి.

నీళ్లు ఊరాక ఎవరూ వెంటనే తాగకూడదు. అది అక్కడి ఆచారం.

"ఈ ఏడు పుట్టినవాళ్లు ముందుకి రండి," అని బురదవ్వ పిలిచేది.

మొదటి గుక్క వాళ్లది. ఆ తర్వాతే తవ్వినవాళ్లది. గొంతు ఎండిపోయి నిలబడినవాళ్లకి ఇది కష్టంగానే ఉండేది, కొందరు గొణిగేవాళ్లు కూడా. అవ్వ ఒప్పుకునేది కాదు. జమీందారు తుపాకి మోగిన రోజుల్లోనూ, క్వారీలో కొండ పేలిన రోజుల్లోనూ, చిన్నప్పటి ఆ ఒక్క గుక్క గుర్తుండబట్టే మన అమ్మమ్మలు ఇక్కడికి దారి వెతుక్కుని బతికారని చెప్పేది.

కంచె వచ్చాక, సిమెంటు తొట్టి వచ్చింది. జనం ఎక్కి చూసే మంచె పక్కనే కట్టారు. రోజూ పొద్దున్నే ట్యాంకరు వచ్చి నింపి వెళ్లేది. పాడుబడ్డ జమీందారు బంగళా గోడ మీద ఒక నెమలి కాపురం ఉండేది. పేరు దొరబాబు. అందరికంటే ముందు అతనే వచ్చి తొట్టి గట్టు ఎక్కి, తోక కిందకి వేలాడేశాడు. జనం ఫోటోలు తీశారు. ఆ రోజు నుంచి గట్టు అతనిదైపోయింది.

మొదటి ఏడు మోదుగలు పూశాయి. బురదవ్వ ఎప్పట్లాగే అడవంతా తిరిగి పిలిచింది. ముసలమ్మకి బురద మీద మోజు ఇంకా తీరలేదు పాపం, అన్నాడు దొరబాబు. కుందేళ్లు నవ్వి ఆగిపోయాయి. దుప్పుల మందకి జేగురమ్మ అని ఒక పెద్ద దుప్పి ఉండేది. జేగురు రాయి రంగులో ఉండేది కాబట్టి ఆ పేరు. ఆమె మాత్రం మందని తీసుకుని వెళ్లి తవ్వింది. తిరిగొచ్చి తొట్టిలో నీళ్లు తాగి, వీటిలో ఇసుక లేదే అనుకుంది. పైకి అనలేదు.

రెండో ఏడు, నువ్వు పద అవ్వా, మేం నీ వెనకే వస్తాం, అంది జేగురమ్మ. వెనకే ఉండిపోయింది. అవ్వతో కలిసి రెండు ఏదుపందులు సగం గుంట తవ్వాయి. ఆ సగాన్నీ వానాకాలం పూడ్చేసింది.

మూడో ఏడు వచ్చేసరికి అవ్వకి ఒక కన్ను పోయింది. ఏదుపందులు కూడా తొట్టి దగ్గరికి కాపురం మార్చాయి. ఆ ఏడే జేగురమ్మకి ఒక ఆడపిల్ల పుట్టింది, మందలో ఆ ఏడు పుట్టింది అదొక్కటే. పేరు పూస. పూస మంచె కిందకి వచ్చి చెవులు ఆడిస్తే జనం మురిసిపోయేవాళ్లు. వాళ్లని చూసి జేగురమ్మ ఇంకా మురిసిపోయేది.

మోదుగలు పూసిన మర్నాడు బురదవ్వ తొట్టి దగ్గరికి వచ్చింది. నీళ్ల వంక చూడలేదు.

"జేగురూ, నువ్వు రావద్దులే. నీ మందా రావద్దు. పిల్లని పంపు. ఒక్క గుక్క తాగించి, పొద్దు వాలేలోపు తెచ్చి నీకప్పజెబుతా."

"ఇసుక కాలుతోంది అవ్వా. దాని గిట్టలింకా లేత."

"నీ గిట్టలు లేతగా ఉన్నప్పుడే నిన్నూ తీసుకెళ్లాను."

"దారి నాకు తెలుసుగా. అవసరం వస్తే నేనే చూపిస్తాలే."

"ఎటు?" అంది అవ్వ.

జేగురమ్మ వాగు వైపు మెడ తిప్పింది. మళ్లీ కొంచెం పక్కకి తిప్పింది.

దొరబాబు గట్టు మీంచి అందుకున్నాడు. "నిండా నీళ్లున్న తొట్టి పక్కన పెట్టుకుని ఇసుక తవ్వడమేంటి ముసలమ్మా? జనం చూస్తే మనకి పరువుండదు."

"నీకేం నాయనా, ఎగరగలవు," అంది అవ్వ.

ఆ రోజు ఆదివారం. మంచె మీదకి జనం ఎక్కుతున్నారు. పూస అప్పటికే వాళ్ల వైపు నాలుగడుగులు వేసింది.

"వచ్చే ఏడు పంపిస్తాలే అవ్వా," అంది జేగురమ్మ.

పిల్లలూ, కథంతా ఈ ఒక్క మాట దగ్గరే ఉంది. మిగిలింది దాని వెనకాల తనంతట తానే నడిచొచ్చింది.

అవ్వ ఒక్కతే వాగు వైపు వెళ్లింది. తిరిగి రాలేదు. రాలేదన్న సంగతి పది రోజులదాకా ఎవరికీ తోచలేదు. తోచాక, ఎక్కడో బురదలో పడుకుని ఉంటుందిలే అనుకున్నారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. జనానికి వడదెబ్బ తగులుతుందని గేటు మూసేశారు. జనం రాని పార్కుకి ట్యాంకరెందుకని ఎవరో అనుకున్నట్టున్నారు, అదీ ఆగిపోయింది. అంకన్నని అప్పటికే వయసు మీరిందని ఇంటికి పంపేశారు. కొత్తగా వచ్చిన వాచర్లకి తొట్టి తెలుసు, చెలమ తెలీదు. వాళ్లు బోర్డు చూశారు. బోర్డు మీద నెమలి ఉంది.

మొదటి రోజు తొట్టిలో సగం నీళ్లున్నాయి. రేపు వస్తుంది, అన్నాడు దొరబాబు. రెండో రోజు అడుగున పాచి మిగిలింది. నేనిక్కడ ఉండగా నన్ను చూడ్డానికైనా రారా, అన్నాడు. మూడో రోజు పాచి ఎండి పెచ్చులు లేచింది. దొరబాబు ఎగిరి కంచె అవతలికి వెళ్లిపోయాడు. కంచె మిగతావాళ్లందరికీ చాలా ఎత్తు.

నాలుగో రోజు జేగురమ్మ మందని లేపింది. కుందేళ్లూ, ఏదుపందులూ, ఒక ముంగిసా వెనక నడిచాయి. రెండేళ్లుగా మంద నడవని దారి కాబట్టి దాని నిండా ముళ్ల పొదలు అల్లుకున్నాయి. వాగులోకి దిగాక అన్ని మలుపులూ ఒకేలా కనిపించాయి. జేగురమ్మకి ఒక మద్ది చెట్టు గుర్తుంది. ఒక పెద్ద బండ గుర్తుంది. చెలమ ఆ రెంటిలో దేని దగ్గరో గుర్తు రాలేదు. ఆమె ఎప్పుడూ అవ్వ తోకనే చూస్తూ నడిచింది మరి.

ముందు మద్ది చెట్టు కింద తవ్వారు. మోకాలి లోతు తవ్వినా పొడి ఇసుకే వచ్చింది.

తర్వాత బండ పక్కన తవ్వారు. అడుగున రాయి తగిలి రెండు దుప్పుల గిట్టలు చీలాయి.

బండ నీడలో పూస పడుకుంది. "అమ్మా, తొట్టి దగ్గరికి పోదాం," అంది.

"ఇదుగో, ఈ మలుపేనే తల్లీ. నువ్విక్కడే ఉండు, నేను నీళ్లు చూసి నిన్ను పిలుస్తా."

"పిలుస్తావుగా?"

"పిలుస్తా."

ఆ మలుపు కాదు. దాని తర్వాతి మలుపు. అక్కడ ముంగిస ఆగి, ఇలా రండి, అంది. గొంతు తగ్గించి అంది.

ఇసుకలో ఒక గుంట ఉంది. సగం తవ్వినది. గుంట అంచున ఒక ముసలి పంది ఎముకలున్నాయి. తల గుంటలోకి ఉంది, ముట్టె కిందకి ఉంది. ఆమె అక్కడిదాకా వచ్చి, ఒంటికన్నుతో చోటు సరిగ్గా కనిపెట్టి, ఒక్కతే తవ్వి, ఎండలో తవ్వుతూ తవ్వుతూ అలాగే ఆగిపోయింది. ఇంకో నాలుగు జతల కాళ్లుంటే ఆ రోజే నీళ్లు పడేవి.

అవ్వ ఎముకల్ని మెల్లగా పక్కకి జరిపి తవ్వడం మొదలుపెట్టారు. పొద్దు వాలుతుండగా ఇసుక రంగు మారింది. తర్వాత తడి తగిలింది. తర్వాత ఒక దోసెడు నీళ్లు ఊరాయి.

జేగురమ్మ వెనక్కి తిరిగి పిలిచింది. పూస రాలేదు. మళ్లీ పిలిచింది. బండ దాకా పరిగెత్తింది. దుప్పికి నీళ్లు మోసుకెళ్లే దారి లేదు, మూతి తడి మాత్రమే ఉంది. ఆ తడి మూతితో పిల్ల మూతిని చాలాసేపు నాకింది. పూస చెవులు ఆడించలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి చెలమ నిండి ఉంది. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. నాలుకలు బయటికి వచ్చేసినా ఒక్కరూ మూతి పెట్టలేదు. ఆచారం అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి. ఈ ఏడు పుట్టినవాళ్లు ముందుకి రండి అని పిలవాలి. పిలవడానికి అవ్వ లేదు, రావడానికి పూస లేదు.

"తాగండి," అంది జేగురమ్మ. తను మాత్రం అందరూ తాగాక తాగింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె అలాగే చివరనే తాగిందంటారు.

దొరబాబు ఏమయ్యాడని మీరు అడుగుతారు. ఏమీ కాలేదు. వానలకి తిరిగొచ్చాడు. అలాంటివాళ్లు తిరిగొస్తారు.

నేనూ వెళ్లాను. రంగు వెలిసిందని, వానలు తగ్గాక బోర్డు మళ్లీ రాయడానికి నన్నే పిలిచారు. వానలకి ముందు వాగులో ఒక గుంట దగ్గర పంది ఎముకలూ, చుట్టూ బోలెడు గిట్టల గుర్తులూ చూశామనీ, బండ పక్కన ఒక దుప్పి పిల్ల పడి ఉందనీ కొత్త వాచరు చెప్పాడు. ఆ గుంట ఏంటో అతనికి తెలీదు. నాకు తెలుసు. నేను నిచ్చెన మీద ఉండగా అంకన్న చెప్పాడు.

ఈసారి చెలమ సంగతి రాయాలనుకున్నాను. చోటు చూశాను. పదకొండు లైన్లు ముట్టుకోవడానికి వీల్లేదు, అవి పైవాళ్లు ఇచ్చినవి. నెమలి తోక జానెడు తగ్గించొచ్చు. నా పేరు చెరపొచ్చు. కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి రాశాను పిల్లలూ. బండ దాటాక రెండో మలుపులో చెలమ ఉంది, ఏటా తవ్వాలి అని, తోక ఈకల సందులో, చిన్న అక్షరాల్లో రాశాను. ఆకుపచ్చ రంగుతో. ఎర్ర రంగు కొంచెమే మిగిలింది, అది నా పేరుకి సరిపోయింది.

ఆ పార్కుకి వెళితే చూడండి. నా పేరు మీకు గేటు బయట నుంచే కనిపిస్తుంది. చెలమ కనిపించాలంటే బోర్డుకి ముక్కు ఆనించాలి. తోక కుదించడం, పేరు చెరపడం, ఈ రెండూ నాకు ఇప్పటికీ రాలేదు.

నీతి: తొట్టి నిండుగా ఉన్న రోజునే చెలమ తవ్వాలి, దారి తెలిసినవాళ్లు ఉండగానే పిల్లలకి మొదటి గుక్క పట్టించాలి.