రాజుగారు వదిలేసిన ‘అ’

పూర్వం, కృష్ణవేణి సాగరంలో సంగమించే ఈ రేవుపట్టణాన్ని గజసేనుడనే రాజు ధర్మబద్ధంగా పాలిస్తూ, యుద్ధాలు గెలిచిన సంబరంలో తనకు తానే ‘అసమానుడు’ అనే బిరుదు తగిలించుకుని, కోట వాకిట నిలువెత్తు శిల మీద దాన్ని చెక్కించుకున్నాడు. పొగడ్త ఎవరికి చేదు నాయనా, ఆయన్ని మాత్రం ఏమనగలం!

ఆ కాలాన గ్రీకుదేశం నుంచి, అంటే మన పెద్దలు యవనదేశమనే చోటు నుంచి, లైకోను అనే చరిత్రకారుడు ఓడలో విచ్చేశాడు. మహనీయుల జీవితాలు రాయడమే ఆయన వ్రతం. ఆ పేరు మనవాళ్ళ నోట తిరగక, ఎలాగూ రాసే అయ్యే గదా అని లేఖనయ్య అయింది. తన చరిత్ర రాయమని రాజు ఆజ్ఞాపించగా ఆ మహానుభావుడు చేతులు జోడించి, "ప్రభూ, నేను ఏ జీవితాన్నీ ఒంటిగా రాయను. ఇద్దరిని పక్కపక్కన నిలబెడితేనే ఎవరేమిటో తెలుస్తుంది. ఒంటి చెప్పుతో నడవగలమా?" అన్నాడు.

రాజుకు ఒళ్ళు మండింది. "అసమానుడికి సాటి ఎవడయ్యా? చూపించు! చూపించేదాకా నీ ఓడ రేవు దాటదు!"

ఇంకేముంది, లేఖనయ్యకు ప్రాణం మీదికొచ్చింది. ఇంటివైపు వీచే గాలి తిరిగిపోయేలోగా ఓడ కదలకపోతే, మళ్ళీ ఏడాదిదాకా భార్యాబిడ్డల ముఖం చూసే యోగం లేదు. మంత్రిని అడిగాడు, సేనాపతిని అడిగాడు. "మా తలలు మెడల మీద ఉండనివ్వండి స్వామీ" అని ఇద్దరూ తప్పుకున్నారు. దిగులుగా ఏరు దాటుతుంటే, పడవ నడిపే రేవమ్మ సంగతంతా విని పకపకా నవ్వింది.

"ఓస్, ఇంతేనా! నన్ను రాసుకో అయ్యా. ఉప్పెన వచ్చిననాడు కోట తలుపులు మూసెయ్యమని అందరూ అరిచినా, రాజుగారు బార్లా తెరిపించారు. జనాన్ని ఆ తలుపుదాకా చేర్చింది నేను. నా పడవ లేకపోతే ఆ తలుపు ఎవరికి? ఆ తలుపు లేకపోతే నా పడవ ఎక్కడికి?"

మర్నాడు కొలువులో లేఖనయ్య ఆ జంటకథ చదువుతుంటే సభాసదులకు ముచ్చెమటలు పోశాయి. రాజు మాత్రం ఆసాంతం విని, కళ్ళు తుడుచుకుని, "యుద్ధాలన్నీ గుర్తుపెట్టుకున్నాను గానీ, ఆ తలుపు సంగతి నేనే మరిచానే!" అని గట్టిగా నవ్వేశాడు. రేవమ్మను రప్పించి సరసన ఆసనమిచ్చి, శిల్పి చేతి ఉలి తానే అందుకుని, శిల మీది బిరుదులో మొదటి అక్షరాన్ని చెక్కి పారేశాడు. అసమానుడు కాస్తా సమానుడయ్యాడు; ఊరు సమానపాడయింది. గాలి తిరగకముందే రేవమ్మ లేఖనయ్యను ఓడ ఎక్కించి, "మీ ఆవిడను అడిగానని చెప్పు!" అని సాగనంపింది.

ఆ శిలా, దాని పక్కన అంతే ఎత్తున రేవమ్మ పేరిట నిలిపిన శిలా నేటికీ, కోట వాకిటే లేఖనయ్య పేరిట వెలిసిన ఈ గుడిలో జంటగా పూజలందుకుంటున్నాయి. ఉలి తిన్న గుంటా అలాగే ఉంది, వేలు పెట్టి చూడండి, నున్నగా తగులుతుంది. ఎందుకంటారా? మా ఊళ్ళో అక్షరాభ్యాసం పలక మీద కాదు. ఆ గుంటకు పసుపు పూసి, బిడ్డ వేలు పట్టుకుని, తొలి అక్షరం అక్కడే దిద్దిస్తాం. రాజుగారు వద్దని వదిలేసిన ‘అ’తోనే మా పిల్లల చదువు మొదలవుతుంది.