రాజుగారు ఎక్కిన చచ్చిన గుర్రం

"గుర్రాన్ని అమ్మను బాబూ. మూడేళ్లుగా చెబుతున్నా, ఇంకా నీ చెవికెక్కలేదా?"

"ఎందుకమ్మవు? నీ వీపు మీద ఆ పుండు చూసుకున్నావా? ఇంకెన్నాళ్లుంటావు? నువ్వు పోయాక ఆ గుర్రం ఎవరి పాలు?"

"నేను పోయాక వచ్చి అడుగు, అప్పుడు చెబుతా."

బజారంతా ఘొల్లున నవ్వింది. అడిగినాయన మొహం కందగడ్డయింది.

ఇది ఒకానొక రాజ్యంలో, ఉప్పుమళ్లకి దగ్గరున్న ఊళ్లో జరిగింది. అమ్మనన్నది ఉప్పు గవరమ్మ. అడిగింది పెద్దిరాజు, సాక్షాత్తూ రాజుగారి బావమరిది. గవరమ్మకి మొగుడు పోయినప్పుడు మిగిలింది ఆ ఆడగుర్రం ఒక్కటే. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంటుంది గనక దాన్ని చుక్క అని పిలిచేది. ఏడుస్తూ కూర్చుంటే ఉప్పు అమ్ముడుపోదు కాబట్టి కర్మ అయిన మర్నాడే దాని మీద మూటలేసుకుని ఊళ్లమ్మట బయల్దేరింది. గుర్రం చూస్తే నిగనిగలాడుతూ ఉండేది. పెద్దిరాజు కన్ను దాని మీద పడింది, ఇక తియ్యలేదు.

ఆ ఏడు దసరాల ముందు గవరమ్మ వీపు మీద రాచపుండు లేచింది. మొదట సెనగ్గింజంత, తర్వాత నిమ్మకాయంత, తర్వాత అరచెయ్యంత. జ్వరం, పోటు. అలాంటి పుండు కోసేవాడు కొండవతల మంగలి లచ్చన్న ఒక్కడే. పౌర్ణమి లోపల రాకపోతే మనిషి దక్కదని ఆయన కబురు పంపాడు. బండిలో పడుకుని వెళ్దామంటే ఆ కుదుపుకి కొండెక్కకుండానే ప్రాణం పోతుంది. డోలీ మోసేవాళ్లకి ఇచ్చే డబ్బు లేదు. గుర్రమెక్కి, ముందుకి వాలి, జూలు పట్టుకుని నెమ్మదిగా పోవడం ఒక్కటే దారి. జ్వరం కాస్త దిగనీ అని ఒక్క పూట ఆగింది.

తెల్లారి చూస్తే కొట్టంలో గుర్రం లేదు. కట్టుతాడు కోసి ఉంది. ఎవరు తోలుకుపోయారో ఊరందరికీ తెలుసు, పేరెత్తే మగాడు లేడు.

ఎందుకు లేడో చెప్పాలి. ఆ రాజు పేరు గజకేసరి భూపతి. ఆయన బిరుదులు చదవడం మొదలెడితే వండిన అన్నం చల్లారిపోయేది. తన రాజ్యంలో దొంగలే లేరని ఆయన చాటించుకున్నాడు. లేరు గనక తాళాలెందుకని తాళాలు చేసేవాళ్లని ఊళ్లోంచి పంపించేశాడు. కొలువులో ఎవరైనా దొంగతనం అన్న మాటెత్తితే రాజుగారిని అవమానించినట్టే, పది బెత్తం దెబ్బలు. అందుకని జనం ఆ మాట మానేశారు. బిందె పోయింది, కోడి పోయింది, దూడ పోయింది అనేవాళ్లు. ఎలా పోయిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

గవరమ్మ కర్ర పట్టుకుని వంగి వంగి కొలువుకెళ్లింది.

"ఏమే, రాజుగారి ముందు నిలబడే పద్ధతి ఇదేనా? ఆ వంకరేంటి?" అన్నాడు రాజు.

"వీపు మీద రాచపుండు దొరా, నిటారుగా నిలబడలేను."

"రాచపుండా! రాజు పేరు పుండుకి పెడతావా?"

"నేను పెట్టలేదు దొరా. పట్టిందంటే వదలదు, మనిషిని పీక్కుతింటుంది. అది చూసి ఎవరో పెద్దలు పెట్టుంటారు."

మంత్రిగారు దగ్గొచ్చినట్టు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. రాజుగారు మాత్రం మీసం దువ్వుకుని, "పట్టిందంటే వదలదు! బాగా పెట్టారు" అన్నాడు. "సరే, నీ గోడు చెప్పు."

"నా గుర్రం పోయింది దొరా."

 ఇంకో మాట జారితే బెత్తమే. పెద్దిరాజు పక్క ఆసనంలో కూర్చుని ఉంగరం తిప్పుకుంటున్నాడు.

"పోయిందంటే?" అన్నాడు రాజు.

"పోయిందంటే పోయిందే దొరా. నిన్నుంది, ఇవాళ లేదు."

రాజు లేచి నిలబడ్డాడు. "విన్నారా మంత్రిగారూ! నా రాజ్యంలో ఎత్తుకుపోయేవాడు లేడు. మరి గుర్రం ఎలా పోతుంది? ఒక్కటే దారి. అది చచ్చిపోయింది. అంతే, తీర్పు అయిపోయింది."

గవరమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. "చచ్చిపోయిందంటారా?"

"నేనన్నాక చచ్చినట్టే."

"మీ మాటకి తిరుగులేదు కదా దొరా? రేపు మారదు కదా?"

"సూర్యుడు పడమట పొడిచినా మారదు."

"అయితే ఆ ముక్క ఊళ్లో చాటించండి. లేకపోతే బతికుందనుకుని బేరాలకొస్తున్నారు."

ఆ కోరిక రాజుకి మహా నచ్చింది. సాయంత్రానికల్లా వీధి వీధినా డప్పు మోగింది. ఉప్పు గవరమ్మ గుర్రం చచ్చిపోయిందహో, రాజుగారి తీర్పహో! జనం ముక్కున వేలేసుకున్నారు. గుర్రం పోగొట్టుకున్న మనిషి దాన్ని తనే చంపించుకుని వచ్చిందేంటని ఎవరికీ అంతు చిక్కలేదు. అడిగితే గవరమ్మ, "జ్వరంగా ఉంది, మాట్లాడలేను" అనేది.

పెద్దిరాజుకి మాత్రం పండగే. చచ్చిన గుర్రానికి సొంతదారు ఎక్కడుంటాడు? చుక్క తోకకి గోరింటాకు పెట్టించాడు, నుదుటి మచ్చ కనబడకుండా ముత్యాల కుచ్చు కట్టించాడు. పండక్కి రాజుగారికి కొత్త గుర్రం ఇస్తున్నాడన్న మాట బజారులో పాకింది. విజయదశమి పొద్దున రాజుగారి ముందుకి నడిపించాడు.

"బావగారూ, మీ కోసం పడమటి దేశం నుంచి తెప్పించాను. జమ్మి పూజకి దీని మీద దయచెయ్యండి."

రాజు మురిసిపోయి ఎక్కేశాడు.

ఆ దేశంలో జమ్మి పూజ రాజే చెయ్యాలి, ముహూర్తం దాటకూడదు. చుట్టుపక్కల జమీందార్లంతా వచ్చి చూస్తారు. అది తప్పితే ఆ ఏడాదంతా వాళ్ల ముందు తలెత్తుకోలేడు. మేళతాళాలతో ఊరేగింపు బజారు మలుపు తిరిగింది. అక్కడ రోడ్డు పక్కన ఇద్దరు డప్పులవాళ్లు చావు డప్పు వాయిస్తున్నారు. నలుగురు ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఉన్నారు. ఓ కుండలో నీళ్లు, పళ్లెంలో పసుపు, పక్కన పాడెకి వెదురుబొంగులు. మధ్యలో గవరమ్మ, ఒళ్లు కాలిపోతూ, కర్ర మీద వేలాడుతూ.

"ఓ నా చుక్కా! ఎంత సోగ్గా పోయావే తల్లీ! చచ్చి కూడా రాజుని మోస్తున్నావే!"

రాజుకి ఓ బలహీనత ఉంది. వింత కనిపిస్తే అదేంటో తెలుసుకోకుండా కదల్లేడు. కళ్లెం బిగించాడు. బిగించకపోయినా గుర్రం ఆగేదే. అది నేరుగా గవరమ్మ దగ్గరికెళ్లి ఆవిడ కొంగు నాకడం మొదలెట్టింది. ఏళ్ల తరబడి ఉప్పు పట్టిన కొంగు కదా.

"ఏమే, ఎవరు పోయారు?" అన్నాడు రాజు.

"నా గుర్రం దొరా. తమరే చెప్పారుగా."

"దానికి ఇక్కడెందుకు ఏడుపు?"

"శవం దగ్గర కాకపోతే ఇంకెక్కడ ఏడుస్తారు దొరా? తమరు కాస్త దాని మీద నుంచి దిగితే దానికి పసుపు రాస్తాం."

మేళం ఆగిపోయింది. గవరమ్మ చెయ్యి చాపి ముత్యాల కుచ్చు పక్కకి తప్పించింది. తెల్లగా చుక్క. దాన్ని రోజూ చూసే ఊరు కదా, బజారంతా "చుక్కే, చుక్కే" అంది. ముందు వరసలో ఉన్న జమీందారు ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ.

రాజు పురోహితుడి వైపు తిరిగాడు. "శాస్త్రులుగారూ, ఏంటిది?"

"చచ్చినదాన్ని ముట్టుకుంటే మైల ప్రభూ, తలస్నానం చెయ్యాలి."

"ఎక్కి ఊరేగితే?"

"అది శాస్త్రంలో లేదు ప్రభూ. ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు." ఆయన ఎండ వైపు చూసి, "ముహూర్తం మాత్రం దాటిపోతోంది" అన్నాడు.

"ఇది చావలేదు! నా కింద కదులుతోంది!" అని అరిచాడు రాజు.

"అమ్మమ్మా, అంత మాటనకండి" అంది గవరమ్మ. "తమరి మాట తప్పినట్టవుతుంది. పోనీ బతికే ఉందనుకుందాం. నేను అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నా కొట్టంలోంచి తమరి కిందికెలా వచ్చింది? దానికో మాటుంది దొరా. తమరి రాజ్యంలో ఆ మాట పనికిరాదు గనక నేననను. తమరే అనుకోండి."

రాజు బావమరిది వైపు చూశాడు. పెద్దిరాజు ఆకాశంలో ఏదో పక్షిని చూస్తున్నాడు. రాజుకి అంతా బోధపడింది. పొగరుబోతే కానీ తెలివితక్కువవాడు కాదు. గుర్రం మీంచి వంగి, గొంతు తగ్గించి, "గవరమ్మా, ఇంకో మాటేదైనా ఉందా?" అన్నాడు. అంతదాకా ఏమే అన్నవాడు పేరు పెట్టి పిలిచాడు.

"ఉంది దొరా. ఎరువు."

"ఎరువా?"

"పక్కింట్లో జల్లెడ ఎరువడుగుతాం, రోకలి ఎరువడుగుతాం, పనయ్యాక ఇచ్చేస్తాం. అలాగే తమరి బావమరిదిగారు పండక్కి గుర్రాన్ని ఎరువు తీసుకున్నారు. నన్నడగడం మరిచిపోయారు, పెద్దవాళ్లకి ఎన్ని పనులుంటాయో! నేను పోయిందన్నది అదే, ఎరువు పోయిందని. నేను సరిగా చెప్పక తమరు చచ్చిందన్నారు. ఎరువు తెచ్చుకున్నది ఎవరైనా తిరిగిచ్చేస్తారు. గుర్రమైతే బాడుగతో సహా."

రాజు ముందు మీసం కింద నవ్వాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత గుర్రం మీంచి జారబోతే భటులు పట్టుకున్నారు. "ఎరువు పోయింది! విన్నారా శాస్త్రులుగారూ, ఎరువు పోయిందట! నాకు మైల లేదు, నా రాజ్యంలో దొంగా లేడు!"

దిగి, భుజం మీది జరీ శాలువా తీసి గవరమ్మకి కప్పబోయాడు.

"వద్దు దొరా, పుండు మీద పడితే చచ్చిపోతాను. దాని మీద వెయ్యండి, కూర్చోడానికి మెత్తగా ఉంటుంది."

రాజు మళ్లీ నవ్వి శాలువా మడిచి చుక్క వీపు మీద వేశాడు. కొండ దాటించి రమ్మని ఇద్దరు భటుల్ని తోడిచ్చాడు. తను జమ్మిచెట్టు దాకా నడిచే వెళ్లాడు. గవరమ్మ బతికిందా అంటే బతికింది. లచ్చన్న పుండు కోశాడు, దోసెడు చీము పోయింది, ఆవిడ అరిచిన అరుపుకి కొండ మీది మేకలు బెదిరాయంటారు. ఆ తర్వాత చాలాకాలం ఉప్పమ్మింది. కానీ బయల్దేరే ముందు బాడుగ తేలాలిగా.

"ఒక్క పూట ఎక్కినదానికి బాడుగేంటి? అర వరహా పారేస్తా, ఫో" అన్నాడు పెద్దిరాజు.

"మూటలు మోస్తే అర వరహాయే బాబూ. మోసింది రాజుగార్ని. ఆయన బరువెంత విలువో నువ్వే చెప్పు. ఎంతంటే అంతే పుచ్చుకుంటా."

రాజుగారు వెళ్తున్నవాడల్లా ఆగి వెనక్కి తిరిగాడు. ఆయనకీ తెలుసుకోవాలనిపించింది.

"అయిదు వరహాలు" అన్నాడు పెద్దిరాజు.

"నేను అయిదా బావా?" అన్నాడు రాజు.

"కాదు కాదు, పది... పదిహేను..."

రాజు కనుబొమ్మ దించలేదు. పెద్దిరాజు ఇంక లెక్కపెట్టడం మానేసి, నడుముకున్న సంచి విప్పి గవరమ్మ కొంగులో బోర్లించాడు. ముప్ఫయ్యొక్క వరహాలూ, నాలుగు రూకలూ.