రాజుగారి అరికాలి చక్రం

ఒకానొక రాజ్యంలో రాజుగారి అరికాలికి పులిపిరి లేచింది. మీకో నాకో లేస్తే అది పులిపిరే. రాజుగారికి లేచింది గనుక దానికి శాస్త్రం కావలసివచ్చింది.

ఆ రాజ్యం కమలగిరి, ఆ రాజు ఉద్దండవర్మ. మనిషి చెడ్డవాడు కాదు గానీ పొగడ్తంటే చెవి కోసుకుంటాడు. ఆ సంగతి సాముద్రిక పండితుడు సోమయాజిగారికి బాగా తెలుసు. ఆయన రాజుగారి పాదం పరీక్షించి చేతులు జోడించారు.

"ప్రభూ! ఇది చక్రరేఖ. సాక్షాత్తు విష్ణుచక్రం. చక్రవర్తి కాబోయేవారికి తప్ప అన్యులకు రాదు."

"మరి కాలు మోపితే ముల్లు గుచ్చినట్టు పోటేమిటి?"

"భూభారం ప్రభూ! భూమండలం మోయవలసిన పాదానికి ఆ మాత్రం నొప్పి ఉండదా?"

రాజుగారికి నొప్పి సగం తగ్గినట్టే అనిపించింది. ఆనాటి నుంచి చక్రానికి రోజూ పాలతో అభిషేకం. తడికి నాని నాని అది దివ్యంగా పెరిగింది. రాజవైద్యుడు ఏదో చెప్పబోయి, సోమయాజిగారి చూపు చూసి నోరు మూసుకున్నాడు. రాజుగారు కుంటితే కొలువులోని వారంతా అది గజగమనం అన్నారు. కొన్నాళ్ళకు కొలువులో మరికొందరు కూడా కుంటసాగారు. రాజుగారిలా నడవడం మర్యాదే గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ కొలువులో పాదుకా సత్కారమని ఒక ఆచారం ఉండేది. రాజుగారు స్నానమాడి, తడి కాళ్ళతో గంధపు పాదుకలు తొడుక్కుని నాలుగడుగులు వేసి విడిచేవారు. మెప్పు పొందినవాడు తానూ కాళ్ళు కడుక్కుని, ఆ తడితోనే ఆ పాదుకల్లో నిలబడాలి. అంతకు మించిన గౌరవం ఆ రాజ్యంలో లేదు. తర్వాత పాదుకలు కడిగి, తడి గచ్చు తుడిచే పని బంగారక్కది. పాపం, ఆమె కాళ్ళకు చెప్పులు కూడా ఉండేవి కావు.

ఒకనాడు బంగారక్క కుంటుతుంటే సోమయాజిగారు ఎందుకని అడిగారు. ఆ పిచ్చితల్లి దాచుకోవడం చేతకాక, "ప్రభువులకొచ్చిందే నాకూ వచ్చినట్టుంది బాబయ్యా" అని అరికాలు చూపించింది.

అంతే, కొంప మునిగింది. చక్రవర్తి లక్షణం దాసి కాలికా? రాజద్రోహం! మర్నాడు సాయంత్రానికల్లా ఆమెను సరిహద్దు దాటించమని రాజుగారు ఆజ్ఞ వేశారు.

బంగారక్క ఏడుస్తూ మాచన దగ్గరికి వెళ్ళింది. రాజుగారిని నవ్వించడమే మాచన ఉద్యోగం. నోటి దురుసు వల్ల అతనికి మాత్రం ఇంతవరకూ పాదుకా సత్కారం దక్కలేదు.

"అయ్యా, నా కూతురికి నెలలు నిండాయి. తల్లిని నేను లేకుండా దానికి పురుడెవరు పోస్తారు? ఈ కాలు కోసేసుకోమన్నా కోసేసుకుంటాను."

"నీ కాలి జోలికి పోకు బంగారక్కా. ముందు మిగతావాళ్ళ కాళ్ళు చూద్దాం" అన్నాడు మాచన.

మర్నాడు కొలువు తీరగానే మాచన లేచాడు. "మహారాజా! ఇంటి గుట్టు ఈశ్వరుడికెరుక గానీ, మన చక్రం గుట్టు ఊరందరికీ తెలిసింది. విష్ణుచక్రం ఎదురుగా ఉండగా అందరం బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడితే అపచారం కాదా? కొలువంతా సాష్టాంగపడి మొక్కాలి. పండితులు సోమయాజిగారే ముందుండాలి. కనిపెట్టింది వారే కదా!"

రాజుగారి మొహం వెలిగిపోయింది. సోమయాజిగారికి కాదనే దారి లేదు. మంత్రి, సేనాపతి, దండనాయకులు అందరూ బారుగా నేలమీద బోర్లా పడుకున్నారు.

మాచన సింహాసనం దగ్గరికి వెళ్ళి చెయ్యి అందించాడు. "ప్రభూ, ఇన్నాళ్ళూ దండాలను తలల వైపు నుంచే చూశారు. ఒక్కసారి కాళ్ళ వైపు నుంచి చూడండి."

రాజుగారు కుంటుకుంటూ అటు వెళ్ళి చూశారు. మంత్రి మడమకొక చక్రం. సేనాపతి బొటనవేలి కిందొకటి. దండనాయకుల కాళ్ళకు చిన్నా పెద్దా కలిసి పూసిన తోటలా ఉంది. సోమయాజిగారి కాలికి మూడు!

"మాచనా! ఏమిటీ చోద్యం?"

"అదృష్టం ప్రభూ! ఒక్క కొలువులో ఇందరు చక్రవర్తులు! బంగారక్కతోపాటు వీళ్ళందరినీ సరిహద్దు దాటిస్తే ఇక కొలువులో మనిద్దరమే మిగులుతాం. అయినా నాదొక సందేహం. తమకు ఒకటే, సోమయాజిగారికి మూడు. శాస్త్రం ప్రకారం ఇప్పుడు ఎవరు ఎవరికి మొక్కాలి?"

సోమయాజిగారు నేలమీంచే కేక పెట్టారు. "ప్రభూ! నావి ఉత్త పులిపిర్లు!"

"మరి నాదో?" అన్నారు రాజుగారు.

రాజుగారు తన కాలు ఎత్తి చూసుకున్నారు, సోమయాజిగారి కాలు చూశారు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. పక్కనున్న స్తంభం పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"ఇదెలా అంటుకుందిరా అందరికీ?"

"సత్కారం ప్రభూ! తమ మెప్పు పొందినవారికి, పాదుకలు కడిగినామెకు వచ్చింది. నా అరికాలు చూడండి, పసిపిల్లాడి బుగ్గలా ఉంది. తడి కాలు, ఒకరి చెప్పు ఇంకొకరికి, ఇంకేం కావాలి?"

ఇప్పుడు రాజవైద్యుడికి ధైర్యం వచ్చింది. "కొయ్యకూడదు ప్రభూ, గిల్లకూడదు, పాకుతుంది. కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డ తోలును రాతితో తేలిగ్గా రుద్ది, శుభ్రంగా తుడిచి మందు రాయాలి. ఎవరి రాయి వారిదే, ఎవరి చెప్పు వారిదే. పాలాభిషేకం మానేసి కాలు పొడిగా ఉంచండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. కొన్ని వాటంతటవే రాలిపోతాయి కూడా."

రాజుగారు ఆజ్ఞ రద్దు చేశారు. బంగారక్కకు కొత్త చెప్పులు కుట్టించి, కూతురి పురుడు అయ్యేదాకా సెలవిచ్చి, బండిలో ఇంటికి పంపారు. నడిచి వెళ్ళవలసిన దారిలో బండెక్కి వెళుతూ ఆమె మాచనకు దండం పెట్టింది, సాష్టాంగం జోలికి పోకుండా రెండు చేతులతో మాత్రమే.

"మాచనా, నువ్వు నా కళ్ళు తెరిపించావు. ఇంత పనిచేసినవాడికి ఒకటే తగిన బహుమానం" అంటూ రాజుగారు నవ్వు ఆపుకుని గంధపు పాదుకలు తెప్పించారు.

మాచన రెండు కాళ్ళూ పంచెలోకి ముడుచుకుని గభాలున కూలబడ్డాడు.

"ప్రభూ! నేను చేసింది మేలు కదా, మరి శిక్ష ఎందుకు?"

ఆ మాటకు కొలువు కొలువంతా నవ్వులతో దద్దరిల్లింది. రాజుగారు పాదుకలను పొయ్యిలోకి పంపించి, మాచనకు వెయ్యి వరహాలతో పాటు ఎవరూ తొడగని కొత్త చెప్పుల జత ఇచ్చి పంపారు.