వంగమొక్కకి భోజనాల పిలుపు

విను పండూ, అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు పక్కన, పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పెరట్లో ఒకే ఒక్క వంగమొక్క మిగిలింది. ఆ రకం ఊళ్ళో ఇంకెక్కడా లేదు. మొక్కకి ఒకే కాయ. విత్తనానికని వదిలింది. అది ముదరకుండా రాలిపోతే, ఇక ఆ వంకాయ పేరు చెప్పుకోవడమే.

అప్పుడు మొక్క ఆకులు పసుపురంగుకి తిరిగాయి.

పైడమ్మ పశువుల ఎరువు వేసింది. ఆకులు పసుపే. ఆ తర్వాత వేపపిండి వేసింది. అయినా పసుపే. ఆ తర్వాత చేపలు కడిగిన నీళ్ళు పోసింది. పిల్లులొచ్చాయి, పచ్చదనం రాలేదు.

అప్పుడు పక్కింటి ముత్యాలత్త వచ్చింది. ఊళ్ళో ఏ పెళ్ళైనా వడ్డన ఆవిడదే.

"ఏమే పైడీ, విస్తరి నిండా వడ్డించావు సరే. భోజనానికి లేవమని ఎవరైనా పిలిచారా?"

"మొక్కని కూడా పిలవాలా అత్తా?"

"మీ చెల్లెలి పెళ్ళిలో నువ్వు లేచావా, పిలవందే? ఆకలికి మాడుతూ అరుగు మీదే కూచున్నావు."

అత్త ఒక కొబ్బరిబొండాం కొట్టింది. "పుట్టబోయే మొక్క ఇందులోనే ఉంటుంది. దానికోసం తిండిని పిలిచేది ఈ నీళ్ళే" అని, కాయ దగ్గరి మూడు ఆకుల మీద మూడు చుక్కలు వేసింది.

పిలుపు వినడానికి ఆకుకి చెవులుంటాయా అంటావా? లేదురా పండూ, ఉండవు. కంటికి కనపడని గదులుంటాయి, వేలకి వేలు. ప్రతి గదికీ తలుపులు. తిండి గుమ్మం ముందే ఉన్నా, పిలుపు అందితేనే తలుపు తీస్తాయి. ఆ పిలుపునే మీ పుస్తకాల్లో హార్మోన్ అంటారు. మొక్క తన గదుల్ని తానే పిలుచుకుంటుంది. డస్సిపోతే ఆ పిలుపు సన్నగిల్లుతుంది. అలాంటి పిలుపే కొబ్బరినీళ్ళలోనూ ఉంటుంది.

మూడో రోజు ఏమీ లేదు. ఆరో రోజూ లేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే పైడమ్మ చూసి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆకంతా పసుపే. చుక్క పడ్డచోట మాత్రం బొట్టుబిళ్ళంత ఆకుపచ్చ. ఆ చుక్క పిలిస్తే అక్కడి గదులు తలుపులు తీశాయి, చుట్టూ ఉన్న తిండి అంతా అక్కడికి నడిచొచ్చింది. చప్పుడు లేదు, కాళ్ళు లేవు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది పైడమ్మ.

ఆ తర్వాత ఆకులన్నిటి మీదా కొబ్బరినీళ్ళు చిలకరించింది. కాయ నిలిచింది. పండింది. లోపల గింజ గట్టిపడింది.

రేపు మనింట్లో వండే గుత్తివంకాయ ఆ గింజల మనవరాలే. నేను పిలిచాకే రా, ముందే వంటింట్లో దూరకు.

కథ కంచికి,
కూర రేపు కంచానికి,
నువ్విక మంచానికి.