వీరవేణి జడ

మాఘ పౌర్ణమి నాడు హైమవతికి కాషాయం ఇస్తామన్నారు ఆశ్రమం నడిపే విరజమ్మగారు. ఆ మాట విన్నప్పటి నుంచి హైమవతికి కాళ్ళు నేల మీద నిలవలేదు. కాలేజీలో సంస్కృతం చెప్పే ఉద్యోగం మానేసి, తల బోడి చేయించుకుని, గోదావరి గట్టు మీదున్న ఆ ఆడవాళ్ళ చిన్న ఆశ్రమానికి ఆమె వచ్చిందే అందుకు. అక్కడ దీక్ష పుచ్చుకునేవాళ్ళు తమ తెల్లబట్టను తామే కావినీళ్ళలో ముంచి కట్టుకోవాలి. ఆమె కావిరాయి ముందుగానే నూరి పెట్టుకుంది కూడా.

అన్నీ వదిలేశామనుకునేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఇంకా వదలనివాళ్ళు ఎవరా అని కళ్ళు వెతుకుతూ ఉంటాయి. హైమవతి కళ్ళు వంటింటి దగ్గర ఆగాయి.

అక్కడ వీరవేణి వంట చేసేది. దీక్షా గీక్షా లేని మనిషి. ఎప్పటివో పుష్కరాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిందని చెప్పుకునేవారు. యాభై దాటినా నడుము దిగిన జడ, నిగనిగలాడే నలుపు. ఒకరోజు ఆమె ఆరేసిన తువ్వాలు మీద నల్లటి మరకలు హైమవతి కంటపడ్డాయి.

సాయంత్రం సత్సంగంలో ఆ తువ్వాలును అందరి ముందూ పరిచింది.

"దేహం నాది కాదని రోజూ చదువుకుంటున్నాం అమ్మా. మన మధ్యే దొంగచాటుగా జుట్టుకు రంగేసుకునేవాళ్ళు ఉన్నారు. చూసి ఊరుకోలేకపోయాను."

పేరు చెప్పలేదు. చెప్పే పనీ లేకపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గుమ్మం దగ్గర కూర్చున్న వీరవేణి కొంగు తల మీదికి లాక్కుంది.

విరజమ్మగారు చాలాసేపు తువ్వాలు వైపే చూశారు. ఆవిడ మాటలు తక్కువ. ఆ తక్కువ మాటలకే అందరికీ భయం.

"పీట వెయ్యండి. కొబ్బరినూనె తెండి. కత్తెర కూడా."

కత్తెర అనేసరికి అందరూ బిగుసుకుపోయారు. హైమవతే లేచి వెళ్ళి తెచ్చింది. తెస్తున్నప్పుడు లోపల ఒక సంతోషం కలిగింది. దానికి న్యాయమని పేరు పెట్టుకుంది.

వీరవేణి పీట మీద కూర్చుని, జడను ముందుకు లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. 

"అమ్మగారండి, వెళ్ళిపొమ్మంటే రేపే వెళ్ళిపోతానండి. బతికినన్నాళ్ళూ అంట్లు తోముకోమన్నా తోముకుంటానండి. దీన్ని మాత్రం కొయ్యకండి."

విరజమ్మగారు కత్తెర అందుకున్నారు. ఒకసారి పదును చూశారు. తిరిగి హైమవతి చేతిలోనే పెట్టారు.

"పెరట్లోకి వెళ్ళి మందారాకు కోసుకురా. లేతవి చూసి."

హైమవతి ఆకుతో తిరిగొచ్చేసరికి జడ విప్పి ఉంది. విరజమ్మగారు జుట్టు పాయలు తీసి చూస్తున్నారు. "ఇలా రా" అన్నారు.

హైమవతి వంగి చూసింది. నడినెత్తి అంతా ఎర్రగా పొక్కిపోయి ఉంది. అక్కడక్కడా రసి కారుతోంది. కుదుళ్ళ దగ్గర సన్నగా తెల్లగీత. అది కనబడ్డప్పుడల్లా బజారులో దొరికే నల్లపొడి కలిపి పూసుకుంటూ వచ్చింది వీరవేణి. మానీ మానని పుండు మీదే మళ్ళీ పూసుకుంది.

"నువ్వు తువ్వాలు చూశావు. తల చూశావా?" అన్నారు విరజమ్మగారు.

హైమవతి మందారాకు పీట పక్కన పెట్టింది.

"పౌర్ణమి దాకా ఈ జుట్టు నీకు అప్పగిస్తున్నాను. పుండ్లు మానేదాకా ఏ రంగూ వద్దు. మానాక గోరింటాకు, దాని మీద నలుపెక్కడానికి నీలాకు. తలకి కుంకుడుకాయ వద్దు, రంగంతా లాగేస్తుంది. మందారాకు నురగ చాలు. వేడినీళ్ళు పొయ్యకు. తడిజుట్టు దువ్వకు. ఎండలోకి వెళ్తే కొంగు కప్పుకోమను. వెలిసినప్పుడల్లా పూస్తూ పోతే తల పుండవుతుంది. ఉన్నదాన్ని చూసుకోవాలి."

"రంగే మాయ కదమ్మా. మాయకి చాకిరీ కూడానా?"

విరజమ్మగారు హైమవతి అరచెయ్యి పట్టుకుని అందులో నూనె పోశారు.

"మరి నా దీక్ష?"

"పౌర్ణమి నాడు కదా" అన్నారు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

అలా హైమవతి తెచ్చిన ఫిర్యాదు ఆమె మెడకే చుట్టుకుంది. తన జుట్టు వదిలించుకున్న మనిషికి ఇంకొకరి గంపెడు జుట్టు మీద పడింది. మందారాకు నలిపి జిగురు తీయాలి. చల్లటి నీళ్ళు నెమ్మదిగా పొయ్యాలి. మెత్తటి పాతబట్టతో ఒత్తాలి తప్ప రుద్దకూడదు. ఆరాక చెక్క దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయాలి. నాలుగు రోజులయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

దానికి తోడు వీరవేణి కుదురుగా కూర్చోదు. చిక్కు తగిలి జుట్టు కాస్త లాగితే చాలు, గిరుక్కున వెనక్కి తిరిగి చూస్తుంది. ప్రతిసారీ అంతే.

"తిరగకు. నీకు కాదూ చెప్పేది?" అని కసిరేది హైమవతి.

"అలాగేనండి" అనేది వీరవేణి. మళ్ళీ లాగితే మళ్ళీ తిరిగేది.

పౌర్ణమి దగ్గర పడింది. పాపిట్లో తెల్లగీత వేలెడంత వెడల్పయింది. వీరవేణి బిందెలో నీళ్ళ మీదికి వంగి రోజూ దాన్నే చూసుకునేది. అన్నం సరిగా తినడం మానేసింది.

"ఈ ఒక్కసారికీ నల్లపొడి పూసుకోనివ్వండి. పౌర్ణమికి రేవంతా జనమండి."

"జనం కోసమా నీ సింగారం?"

"అవునండి."

ఆ జవాబుకు హైమవతికి ఒళ్ళు మండింది. కందిపప్పు డబ్బాలో దాచిన నల్లపొడి పొట్లాం వెతికి పట్టుకుని, ఆమె చూస్తుండగానే పొయ్యిలో పడేసింది. వీరవేణి ఆ పొగ వంక చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం జుట్టు దువ్వుతుంటే ఎక్కడో చిక్కు తగిలింది. వీరవేణి గిరుక్కున తిరిగింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వెనక ఎవరో పిలిచినట్టు తిరుగుతావేం?"

"పాపేమోననండి."

"ఏ పాప?"

వీరవేణి గోదావరి వైపు తిరిగి కూర్చుని చెప్పింది.

"పుష్కరాల జనమండి. నా రెండు చేతుల్లోనూ సంచులు. జడ పట్టుకుని నా వెనకే నడవమన్నానండి దాన్ని. రేవు మెట్ల దాకా లాగుతానే ఉందండి. నొప్పెడుతుందే, అంత లాగకే అని కసిరాను కూడానండి. ఆ తర్వాత లాగలేదండి."

హైమవతి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఆరేళ్ళదండి. నా మొహం గుర్తుంటాదో ఉండదో. జడ గుర్తుంటాదండి. పెద్ద తానాల రోజు వచ్చిందంటే రేవు పైమెట్టు మీద వెనక్కి తిరిగి నిలబడతానండి, జడ కనబడేలాగ. తెల్లజడైతే ఎలా పోల్చుకుంటాదండి?"

 ఓదార్చడానికి హైమవతి నేర్చుకున్న శ్లోకాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. చిక్కు మెల్లగా తీసి, జడ అల్లి, విరజమ్మగారి గదికి వెళ్ళింది.

"మీకు ముందే తెలుసు కదమ్మా?"

"ఏమిటి?"

"వీరవేణిగారి పాప సంగతి."

"తెలియదు."

హైమవతి తెల్లబోయింది. "మరి కారణం కూడా అడక్కుండా ఆవిడ జుట్టు నాకెందుకు అప్పగించారు?"

"తల పుండయింది కదా" అన్నారు విరజమ్మగారు, ప్రమిదలో వత్తి సర్దుకుంటూ.

ఆ తర్వాత హైమవతి ఎవరూ చెప్పకుండానే గోరింటాకు కోసింది. పౌర్ణమి ముందురోజు మెత్తగా రుబ్బి, టీ డికాక్షన్‌లో కలిపి ఇనప మూకుట్లో నానబెట్టింది. నీలాకు పొడి కూడా సిద్ధం చేసుకుంది. కానీ తల వెనక ఒక్క పుండు మిగిలి ఉంది. పక్కు కట్టింది, ఊడలేదు. దాని మీద ఏదీ పెట్టడానికి లేదు.

పౌర్ణమి తెల్లవారింది. హైమవతి గోదావరిలో మునిగి, తెల్లచీర కట్టుకుని, కావినీళ్ళ గంగాళం వైపు బయలుదేరింది. మొదటి గంట కొట్టగానే కూర్చోవాలి, రెండో గంటకు బట్ట ముంచాలి. ఇంకా గంట కొట్టలేదు. పెరడు దాటుతూ నూతి చప్టా వైపు చూసి ఆగిపోయింది.

వీరవేణి జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. పక్కన కొత్త పొట్లాం, ఎవరి చేతో తెప్పించుకున్నది. గిన్నెలో నీళ్ళు. పొట్లాం చింపబోతోంది.

"ఆగండి. ఒక్కసారి చూడనివ్వండి" అంది హైమవతి.

వెనక్కి వెళ్ళి పాయ తీసింది. పక్కు ఊడిపోయింది. లేత చర్మం వచ్చింది. గబగబా వెళ్ళి మూకుడు తెచ్చి, పొట్లాం తీసి దూరంగా నూతి గట్టు మీద పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి కూర్చుని, గోరింటాకు చేత్తో తీసి పాయ పాయకూ పట్టించసాగింది. అంత జుట్టుకు తొందరపడితే అయ్యే పని కాదు.

సగం తల అయ్యేసరికి మొదటి గంట మోగింది.

"వెళ్ళండమ్మా. మీ ముహూర్తం. మిగతాది నేను పూసుకుంటానండి" అంది వీరవేణి. అంటూనే ఆమె చూపు గట్టు మీది పొట్లాం వైపు వెళ్ళింది.

హైమవతికి వెళ్ళాలని ఉంది. ఎన్నేళ్ళుగానో ఉన్న కోరిక. పాదం ఒకటి అటు తిరిగింది కూడా. కడిగేసుకుని పరుగెత్తితే అందుకోవచ్చు. కానీ మిగిలింది తల వెనక భాగం. నిన్నటిదాకా పుండున్న చోటు. వీరవేణికి అది కనబడదు.

"వెనక మీకు తెలియదు" అంది. ఇంకో పాయ తీసింది.

కంగారులో జుట్టు లాగినట్టుంది. వీరవేణి గిరుక్కున తిరిగింది. రేవు మెట్ల మీద జనం అప్పుడే దిగుతున్నారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు, నెత్తిన మూటలు.

"చూసుకోండి" అంది హైమవతి.

ఆమె చూసుకున్నంతసేపూ తను చేతులు పైకెత్తుకుని కదలకుండా ఉంది. వీరవేణి నెమ్మదిగా మళ్ళీ ఇటు తిరిగింది. రెండో గంట మోగింది. కాసేపటికి ఆగిపోయింది. హైమవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.

ఆఖరి పాయ అయ్యాక తలకు అరటాకు చుట్టి, కడిగాక నీలాకు పెడతానని చెప్పి లేచి, బాల్చీలో చేతులు కడుక్కుంటుండగా అడుగుల చప్పుడైంది. విరజమ్మగారు వచ్చారు. చేతి మీద మడత పెట్టిన దీక్షబట్ట ఉంది. తెల్లగానే ఉంది.

"ముహూర్తం దాటిపోయిందమ్మా" అంది హైమవతి. 

"చేతులు చూపించు."

చాచింది. వేళ్ళ సందుల్లో ఇంకా గోరింటాకు అంటుకుని ఉంది. విరజమ్మగారు ఆ తడిచేతుల్లోనే బట్ట పెట్టారు. హైమవతి సర్దుకోబోయేసరికి పది వేళ్ళ ముద్రలూ తెల్లబట్ట మీద పడ్డాయి. గంగాళంలో ఉన్న రంగే.

"అంటింది" అన్నారు విరజమ్మగారు. రెండడుగులు వేసి ఆగారు. "ఇదీ వెలుస్తుంది. మళ్ళీ అంటేదాకా, మధ్యరోజుల్లో చూసుకో."