నాలుగో గది

కెజియా రాసిన అధ్యాయం ఐదోసారి వెనక్కి వచ్చింది. మొదటి పేజీ పైన ఎర్ర పెన్సిలుతో ఒకటే మాట: "చూడు."

ఏం చూడాలో లేదు. ఎక్కడ చూడాలో లేదు. అంతకుముందు నాలుగుసార్లూ అదే మాట.

నాలుగేళ్ళుగా ఆమె ఒడ్డు నల్లుల మీద పరిశోధన చేస్తోంది. సముద్రపు పాయల పక్కన తడి బురద మీద బతికే చిన్న పురుగులవి. మన నీడ పడితే చాలు, చటుక్కున ఎగిరి జానెడు దూరంలో వాలతాయి. వాటిని పట్టడానికి ఆమె మోకాళ్ళ లోతు బురదలో పాకింది. పట్టినవాటిని జాతులుగా విడదీయడం అంత కష్టం కాలేదు. రెక్క చివరి పల్చటి పొరలో నరాల్లాంటి ఈనెల మధ్య గదులుంటాయి. కొన్నింటికి నాలుగు, కొన్నింటికి ఐదు. గదులు లెక్కపెట్టి, ముక్కు పొడవు కొలిచి, ఏది ఏ గుంపులోదో చెప్పేయొచ్చు.

చిక్కంతా చచ్చి రాయైపోయినదానితోనే.

ముప్పై రెండేళ్ళ కిందట, ఇప్పుడు ఆమె అధ్యాయాలు దిద్దుతున్న రహంతుల్లా మాస్టారు ఒక వాగు ఒడ్డున పలకరాయి పగలగొడితే అందులో గోరంత పురుగు అచ్చు దొరికింది. రెక్కలో నాలుగు గదులు కనిపించాయి. ఆయన దాన్ని ఒడ్డు నల్లుల కుటుంబంలో చేర్చి, తన గురువు భుజంగరావుగారి పేరు పెట్టారు. అప్పటినుంచి ఆ కుటుంబం ఎంత పాతదని ఎవరు రాసినా ఆ రాయితోనే మొదలుపెడతారు. మాస్టారికి పేరొచ్చింది కూడా ఆ రాయితోనే.

కెజియా వేసిన వంశవృక్షంలో ఆ రాయి ఇమడదు. వయసు చూస్తే అన్నిటికంటే పెద్దది. రెక్క చూస్తే చిట్టచివర పుట్టిన కొమ్మలోది. మనవడు తాతకంటే ముందు పుట్టినట్టు ఉంది. మొదటిసారి ఆమె మధ్యలో ఒక కొమ్మ నశించిపోయిందని రాసింది. తర్వాత, అలాంటి రెక్క రెండుసార్లు వేరువేరుగా పుట్టిందని రాసింది. ఒకసారి రాతి వయసునే అనుమానించింది. ప్రతిసారీ ఎర్ర పెన్సిలే.

థీసిస్ సమర్పించడానికి ఇంకా పద్దెనిమిది రోజులే గడువు. ఆమె కాగితాలు పట్టుకుని విసవిసా మ్యూజియం గదికి వెళ్ళింది. రిటైరై పదేళ్ళయినా మాస్టారు రోజూ పొద్దున్నే అక్కడికే వస్తారు. పురుగుల పెట్టెల్లో నాఫ్తలిన్ ఉండలు మారుస్తున్నారు.

"సార్, ఇక నావల్ల కాదు. ఏం చూడాలో నోటితో చెప్పండి."

"కూర్చో."

"కూర్చోను సార్. తప్పుంటే తప్పని రాయండి. చూడు, చూడు అంటే నేనేం గుడ్డిదాన్నా?"

"కాదనేగా నా బాధ!" అన్నారాయన. గొంతు ఆమె గొంతుకంటే పైకి లేచింది. "గుడ్డిదానివైతే వదిలేసేవాణ్ణి."

కాగితాలు లాక్కుని ఒక పేజీ తీశారు. రాతిలోని రెక్క ఫొటో. "ఇది ఎవరు తీశారు?"

"నేనే."

"అంచు ఎవరు కత్తిరించారు?"

కెజియా తల దించుకుంది. "పేజీలో పట్టలేదు సార్."

"పక్కన అరచేతంత ఖాళీ ఉందమ్మా!"

ఆయన బీరువా తీసి, పాత చీటీ కట్టి ఉన్న ఆ పలకరాయిని తెచ్చి బల్లమీద పెద్ద భూతద్దం కింద పెట్టారు. దీపం బాగా కిందికి వంచి, వెలుగు పక్కనుంచి పడేలా చేశారు. సొరుగులోంచి చీటీలు కట్టే నల్ల దారం తీసి, అందులోంచి ఒక పోగు విడదీశారు. పోగునూ పట్టకారునూ ఆమె చేతికిచ్చారు.

"నాలుగో గది గోడ ఏది?"

"ఈ ఈనె సార్."

"దాని మీద ఈ పోగు పరుచు. ఈనె ఎంతవరకు పోతే అంతవరకు."

ఆమె ఊపిరి బిగబట్టి పోగును ఆ గీత మీద పరిచింది. రెక్క అంచు దాకా వచ్చి ఆగింది.

"ఆగావేం?"

"రెక్క అయిపోయింది సార్."

"గీత అయిపోయిందా?"

ఆమె పట్టకారును ముందుకు జరిపింది. పోగు రెక్క అంచు దాటింది. పురుగు ఆనవాలే లేని బోసి రాతి మీదుగా సాగింది. పలక చివరికంటా పోయి కిందికి వేలాడింది.

అది ఈనె కాదు. రాతి పగులు. రెక్కలో నిజంగా ఉన్నవి మూడు గదులే.

"ఎప్పుడు చూశావు?"

"జూన్‌లో."

"ఇప్పుడు జనవరి." మాస్టారు కళ్ళజోడు తీసి బల్లమీద ఠక్కున పెట్టారు. "ఏడు నెలలు ఆ పగులు చుట్టూ కొమ్మలు మొలిపించావు. తెలివైన కొమ్మలు. ఎందుకు?"

"మీ పేరు సార్... భుజంగరావుగారి పేరు..."

"పేరు ఎక్కడికీ పోదు. చోటే మారుతుంది. ఆయన బతికుంటే నన్ను ఎప్పుడో వీపు మీద ఒకటి వేసేవారు. నా పరువు నీకు ఎవరు అప్పగించారమ్మా?"

కెజియాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మరి మీరెప్పుడు చూశారు సార్?"

మాస్టారు వేలాడుతున్న పోగు కొసను వేలికి చుట్టుకున్నారు. మళ్ళీ విప్పారు.

"పదకొండేళ్ళయింది," అన్నారు చివరికి.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"వెలుగు సరిగ్గా పడలేదనుకున్నాను. తర్వాత కళ్ళు పాడయ్యాయనుకున్నాను. తర్వాత ఈ బీరువా తెరవడం మానేశాను." ఆయన గొంతు తగ్గింది. "నీ మొదటి ప్రతిలో కత్తిరించిన ఫొటో చూడగానే నాకు ఒళ్ళు మండింది. నీ మీద అనుకున్నావా?"

గదిలో నాఫ్తలిన్ వాసన గుప్పుమంటోంది. కెజియా నిలబడ్డదల్లా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన సొరుగులోంచి ఖాళీ చీటీ ఒకటి తీసి, పెన్నుతోపాటు ఆమె ముందుకు తోశారు. ఆమె కాసేపు ఆలోచించి రాసింది: "ఒడ్డు నల్లి కాదు. ఏ కుటుంబమో తెలియదు." కింద తేదీ వేసింది. "నిర్ణయించినవారు" అన్నచోట తన పేరు రాసి, పక్కన ఆయన పేరు కూడా రాయబోయింది.

మాస్టారు చేయి అడ్డుపెట్టారు. "పాత చీటీ మీద ఉందిగా నా పేరు."

"అది తీసెయ్యనా సార్?"

"తియ్యకు. రెండూ ఉండాలి. దాని కిందే ఇది కట్టు."

ఆమె నల్ల దారం తీసుకుని, మాస్టారి చేతిరాత ఉన్న చీటీ కింద తన చీటీ పెట్టి ముడి వేసింది. సిరా ఇంకా ఆరలేదు. ఆయన ముందుకు వంగి, అక్షరాలు అలుక్కుపోకుండా మెల్లగా ఊదుతూ కూర్చున్నారు.