భక్తి లేని నాలుక

కుళ్ళాయప్పకు కోపం వచ్చింది. కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. అందుకే ఎండ తగ్గేదాకా కూడా ఆగలేక గఫూర్ తాత దగ్గరికి బయలుదేరాడు.

గఫూర్ తాత ఊరి బయట, గుట్ట కింద ఉన్న చిన్న దర్గాలో ఉంటాడు. హిందువులూ ముస్లిములూ ఆయన దగ్గరికి వస్తారు. కుళ్ళాయప్ప ఇరవై ఏళ్ళుగా ఆయన శిష్యుడు. తట్ట మోసే కూలీగా మొదలై, మేస్త్రీ అయి, ఇప్పుడు సొంతంగా ఇళ్ళు కట్టి అమ్ముతున్నాడు. సిమెంటు తక్కువ వేయడు. చెప్పిన రోజుకు తాళాలిస్తాడు. ఆ మంచి పేరు మీదే కొత్తగా కట్టిన ఐదిళ్ళలో నాలుగింటికి మనుషులు వచ్చి చేరారు. ఐదో ఇంటికి జైబున్ బయానా ఇచ్చింది.

జైబున్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఆమె కూడా తాత శిష్యురాలే. పెళ్ళయినప్పటి నుంచి బాడుగిళ్ళలోనే కాపురం. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. చుట్టం వచ్చి రెండు బిందెలు ఎక్కువ వాడితే మాట పడాలి. అట్లా బతికినవాళ్ళకే తెలుస్తుంది సొంత గడప అంటే ఏమిటో. ఆమె నైట్ డ్యూటీల కష్టమంతా ఆ ఒక్క ఇంట్లోకే పోతోంది. అందులో ఏదైనా తేడా వస్తే ఇంకో ఇల్లు కొనే వయసూ లేదు, శక్తీ లేదు.

ఆ పొద్దున ఆమె కుళ్ళాయప్పను ఒక మాట అడిగింది.

“అన్నా, రిజిస్ట్రేషన్ ముందర బయటి ఇంజనీరు ఒకామెను తెచ్చి ఇల్లు చూపిచ్చుకుంటా. ఏమీ అనుకోవద్దు.”

కుళ్ళాయప్ప చాలా అనుకున్నాడు.

దర్గాకు చేరేసరికి తాత పొయ్యి ముందు నిలబడి గుండిగలో గంజి కలుపుతున్నాడు. రంజాను నెల. పొద్దుగూకి ఉపవాసం విడిచేవేళకు ఊళ్ళో సగం మందికి ఆ గంజే. జైబున్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చినట్టుంది, పక్కన కూర్చుని పుదీనా ఆకు గిల్లుతోంది.

“వచ్చినావా నాయనా? నీడలో కూర్చో,” అన్నాడు తాత.

“కూర్చునేదానికి రాలేదు తాతా. ఈ యమ్మను అడుగు. నా ఇంటి మీదికి పోలీసును తెస్తాదంట.”

“ఇంజనీరన్నా. పోలీసు కాదు,” అంది జైబున్ తల ఎత్తకుండా.

“ఎవురైతే ఏమి? దొంగను చూసినట్ల చూసేదే కదా! మా ఇంజనీరు చూసినాడు. బ్యాంకాయన వచ్చి చూసిపోయినాడు. ఇంక ఎవురు చూడల్ల?”

“మీ ఇంజనీరు మీ దగ్గర జీతం తీసుకుంటాడు. బ్యాంకాయన బ్యాంకు కోసరం చూసినాడు. నా కోసరం చూసినోళ్ళు ఒక్కరన్నా ఉండారా?”

“నేనుండా కదమ్మా! ఇద్దరం ఒకే తాత కాళ్ళ కాడ కూర్చున్నోళ్ళం. పాతిల్లయితే పగుళ్ళు చూస్తారు, చెదలు చూస్తారు. కొత్తింట్లో ఏం చూస్తారు, పెయింటు వాసనా?”

జైబున్ చేతిలో పుదీనా కట్ట కింద పెట్టింది.

“నీ మీద అనుమానముంటే బయానా ఇస్తానా అన్నా? నువ్వు నొచ్చుకుంటావని వద్దులే అని కూడా అనుకుంటి. కానీ నిద్ర పట్టల్యా.” తాత వైపు తిరిగింది. “నువ్వు చెప్పు తాతా. వద్దంటే మానుకుంటా.”

కుళ్ళాయప్ప ముఖం తేటపడింది. అతను వచ్చిందే అందుకు.

“తాత ఒక్క మాట చెప్తే నాకు అంతే చాలు,” అన్నాడు.

ఇద్దరూ తాత వైపు చూశారు.

చాలామంది పెద్దమనుషులు ఇట్లాంటి చోటే నోరు జారుతారు. మనవాడే, మంచివాడే, నాదీ పూచీ అనేస్తారు. అనడానికి ఏం పోయింది? రేపు స్లాబు కారితే ఆ పూచీ వచ్చి బకెట్టు పట్టదు. తడిసేది ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళే. ఒక మంచిమాటతో ముగించేసి, ఇద్దరి చేతా దండం పెట్టించుకుని పంపేయడం గఫూర్ తాతకు ఎంతసేపు?

తాత ఆ మాట అనలేదు. గరిటెతో కొంచెం గంజి తీసి గిన్నెలో పోసి కుళ్ళాయప్ప చేతికిచ్చాడు.

“ఉప్పు చూడు నాయనా.”

ఇది ఏటా జరిగేదే. వండే తాత ఉపవాసంలో ఉంటాడు. నాలుకకు తగిలించి ఉమ్మేస్తే తప్పు లేదని కొందరంటారు గానీ ఆయన అదీ చేయడు. ఎవరో ఒకరు, రోజా లేనివాళ్ళు వచ్చి రుచి చూసి చెప్పాలి.

కుళ్ళాయప్ప గిన్నెను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేదు. కైమా ఉంది, పప్పు ఉంది, అల్లం ఘాటు ఉంది. ఉప్పు మాత్రం ఒక్క కల్లు పడినట్టు లేదు.

అతను తల ఎత్తి చూశాడు. ఎదురుగా తాత. పొగకు ఎర్రబడిన కళ్ళు. చెమటకు వీపుకు అంటుకుపోయిన చొక్కా. ఆ వయసులో, నీళ్ళు కూడా ముట్టకుండా, పొయ్యి ముందు.

“ఎట్లుంది?”

“అమృతం తాతా.”

“ఉప్పు?”

“సరిపోయింది. నీ చేతి వంటకు వంక పెట్టేదేముంది?”

“సరే,” అని తాత గరిటె పక్కన పెట్టాడు.

అప్పుడే రోడ్డు మీద ఒక లారీ ఆగింది. డ్రైవరు ఖాళీ డబ్బా పట్టుకుని కిందికి వచ్చాడు.

“పెద్దాయనా, ఇంజను వేడెక్కింది. జర నీళ్ళు పట్టుకుంటా.”

“పట్టుకో బాబూ. రోజా ఉన్నావా?”

“నాకేడ రోజా? నేను లింగయ్యను, నల్లగొండ దిక్కు.”

“అయితే ఒక సాయం చెయ్యి. ఇది తాగి ఎట్లుందో చెప్పు.”

లింగయ్య నిలబడే ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లించాడు. గిన్నెలోకి చూశాడు, గుండిగలోకి చూశాడు, తర్వాత తాతను చూశాడు.

“ఏంది పెద్దాయనా, మీ దిక్కు ఉప్పు దొరుకుత లేదా? నాకు ఆపరేషనైనప్పుడు దవాఖానల పోసిన జావ గూడ ఇంతకన్న మంచిగుండె.”

జైబున్‌కు నవ్వు ఆగలేదు. ఆసుపత్రి జావ సంగతి ఆమెకు బాగా తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాత మాత్రం మనసారా నవ్వాడు. గుప్పిళ్ళతో ఉప్పు వేసి, అడుగంటా కలిపి, మళ్ళీ గిన్నెలో పోశాడు.

లింగయ్య తాగాడు. “గిప్పుడు మనుషులు తాగేటట్టున్నది,” అన్నాడు. మిగిలింది కూడా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, డబ్బా నింపుకుని వెళ్ళిపోయాడు.

కుళ్ళాయప్ప తల వంచుకుని నిలబడ్డాడు.

“నిన్ను నొప్పించేదెందుకని...” అన్నాడు మెల్లగా.

“ఆయనకు నా మీద భక్తి లేదు నాయనా,” అన్నాడు తాత. “అందుకే ఈ పొద్దు ఊరు ఉప్పున్న గంజి తాగుతాది.”

పుదీనా అడిగి తీసుకుని గంజిలో వేశాడు.

కుళ్ళాయప్ప కాసేపటికి జైబున్ దగ్గరికి వచ్చాడు.

“ఎప్పుడు తెస్తావు చెల్లెమ్మా ఆ యమ్మను?”

“ఆదివారమన్నా.”

“తీసుకురా. మా వాళ్ళెవరూ అడ్డం రారు.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఏమీ దొరకదులే, చూస్తాండు.”

ఆదివారం ఇంజనీరు వచ్చింది. పేరు మైథిలి. కుళ్ళాయప్ప ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి పెట్టాడు. “పని అయినాక తాగుతానండీ,” అంది. టేకు తలుపు చూపించాడు. ఆమె తలుపు నునుపు చూడలేదు, తీసి వేసి చూసింది. కింద బోలుగా ఉందేమోనని చిన్న కర్రతో గది గదిలో నేల తట్టింది. బాత్‌రూములో నీళ్ళు పోసి అవి ఎటు పోతాయో చూస్తూ నిలబడింది. నీళ్ళు మూలకు పోయి అక్కడే నిలిచాయి.

“ఒక మూల అంతే కదా మేడం, సరిచేయిస్తా,” అన్నాడు కుళ్ళాయప్ప. గొంతులో ఇంకా ధీమా ఉంది.

ఆమె సంచిలోంచి బల్బు తగిలించిన హోల్డరు తీసింది. దానికి రెండు తీగలున్నాయి. గీజరు ప్లగ్గులో కరెంటు వచ్చే రంధ్రంలో ఒకటి, పైనున్న పెద్ద రంధ్రంలో ఒకటి పెట్టింది.

బల్బు వెలగలేదు.

వంటింట్లో పెట్టింది. వెలగలేదు. హాల్లోనూ అంతే.

“కరెంటు లేదేమో,” అన్నాడు కుళ్ళాయప్ప.

ఆమె ఫ్యాను స్విచ్చు వేసింది. ఫ్యాను తిరిగింది.

“కరెంటు ఉందండీ. ఎర్తు లేదు,” అంది. జైబున్ అర్థం కానట్టు చూస్తే ఆమెకు చెప్పింది. “గీజరులోనో వాషింగ్ మిషన్‌లోనో కరెంటు దారి తప్పితే భూమిలోకి దించేది ఆ తీగేనమ్మా. అది లేకపోతే తడి చేత్తో ముట్టుకున్న మనిషిలోంచి దిగుతుంది.”

జైబున్ చెయ్యి తనకు తెలియకుండానే గోడ మీద నుంచి వెనక్కి వచ్చింది.

ముగ్గురూ ఇంటి వెనక్కి వెళ్ళారు. ఎర్తు గుంత ఉంది. దాని మీద సిమెంటు మూత ఉంది. మూత చక్కగా, నున్నగా, సున్నం కొట్టి ఉంది. కుళ్ళాయప్ప వంగి తనే దాన్ని ఎత్తాడు.

లోపల ఆకుపచ్చ తీగ చుట్ట చుట్టి ఉంది. కొసన పైతొడుగు కూడా ఒలవలేదు. భూమిలోకి దించిన గొట్టానికి కలవకుండా జానెడు దూరంలో ఆగిపోయింది. పని చేసినవాడు రేపు కలుపుదాం అనుకుని ఉంటాడు. మూత వేసినవాడు కలిపే ఉంటారు అనుకుని ఉంటాడు. కుళ్ళాయప్ప రోజూ ఈ మూత పక్కనుంచే నడిచాడు.

అతను మూత చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాడు. అతని చూపు జైబున్ ఇంటి మీద లేదు. వీధి చివరికి పోయింది.

మొదటి ఇంట్లో నాగభూషణం కూతురు పురిటికి వచ్చి ఉంది. పసిబిడ్డ. రెండు పూటలా వేడినీళ్ళ స్నానాలు. అదే పనివాడు. అదే రకం గుంత. అదే రకం మూత.

“మేడం, వస్తారా?” అన్నాడు. ఆమె సంచి అందుకునేలోపే అతను పరుగెత్తుతున్నాడు. చెప్పులు ఐదో ఇంటి గడప దగ్గరే ఉండిపోయాయి.

తలుపు బాదాడు. నాగభూషణం తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమన్నా ఇట్ల వచ్చినావు? కాఫీ తాగుదువు రా.”

“గీజరు వేసినారా?”

“ఇప్పుడే. అమ్మాయికి నీళ్ళు పోయల్ల...”

“ముట్టుకోవద్దను. మెయిను ఆపు.”

“ఏమైందప్పా?”

“ముందు ఆపు!”

లోపల ఫ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. ఎవరో కరెంటు పోయిందని విసుక్కున్నారు. బిడ్డ ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు వింటూ కుళ్ళాయప్ప గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు.

మైథిలి, జైబున్ వెనకాలే వచ్చారు. నాగభూషణం కొత్త మనిషిని ఎగాదిగా చూశాడు.

“ఎవరన్నా ఈ యమ్మ?”

“ఇంజనీరు. నాకు చుట్టమూ కాదు, స్నేహితమూ కాదు.” కుళ్ళాయప్ప పక్కకు జరిగి దారి ఇచ్చాడు. “నేను కట్టిన ఇల్లు నాగభూషణం. ఆ యమ్మను చూడనీ.”

“నువ్వు రావా లోపలికి?”

కుళ్ళాయప్ప తల అడ్డంగా ఊపాడు. ఆమె లోపలికి వెళ్ళింది. అతను గేటు దాటి, ఎండలో, ఉత్తకాళ్ళతో రోడ్డు మీద నిలబడ్డాడు.